కర్రికి కొత్త అద్దం

వాహనం: తెల్ల రంగు, నాలుగు సీట్లు, పాత మోడల్. పేరు కర్రి. ఫారంలో పేరు అడగలేదు గానీ, పేరు లేనివాళ్ళ గురించి ఇరవై ఒక్క రోజులు రాయడం నా వల్ల కాదు. తెల్ల కారుకు నల్లావు పేరేమిటని అడిగితే మా అత్త "దిష్టికి" అంటుంది.

యజమాని: ఓబుళమ్మ, ఎర్రబండ గ్రామం, అరవై ఎనిమిదేళ్ళు. మేకల డాక్టరు.

పుస్తకం రాసే బాధ్యురాలు: చిత్రావతి. యజమానికి సొంత తమ్ముడి కూతురు. ఇరవై మూడేళ్ళు. యంత్రాల చూపు గురించి నాలుగేళ్ళు చదివి పట్టా పుచ్చుకుంది. ఉద్యోగం: ఎదురుచూడడం.

పుస్తకం ఎందుకు: కన్నున్న ఏ బండికైనా ముందు అద్దం మారిస్తే, ఇరవై ఒక్క రోజులు దాని నడక రాసి చూపు పరీక్ష కేంద్రంలో ఇవ్వాలి. అబద్ధం రాస్తే నేరం. జోకులు రాస్తే నేరమని నిబంధనల్లో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

రోజు 1

అద్దం ఎలా పగిలిందో మొదట రాయాలట. మేకపోతు పగలగొట్టింది.

నిన్న చింతలగొందిలో మందులు వేసి వస్తుంటే దారికడ్డంగా మంద వచ్చింది. కర్రి మర్యాదగా ఆగింది. "జరగండ్రి తల్లీ, జరగండ్రి," అని అచ్చం మా అత్త గొంతుతో అంది. పదకొండేళ్ళుగా ఆమె మాటలే విని నేర్చుకుంది మరి. తల్లులు జరిగారు. ఒక పోతు మాత్రం బానెట్ మీదికెక్కి, అద్దంలో తన మొహం చూసి, అది నచ్చక కొమ్ములు దించింది. ఆ పోతుకు మా అత్త మీద పాత పగ ఉంది. పోయిన నెలలో ఆమె దానికి చేసిన ఆపరేషన్ పేరు ప్రభుత్వ పుస్తకంలో రాయడం బాగుండదు.

ఈ రోజు దాదాపీర్ మామ కొత్త అద్దం వేశాడు. మా చుట్టుపక్కల కన్నున్న కార్లకు అద్దం వేయాలంటే ఆయన చేతులే వేయాలి. పగిలిన అద్దాన్ని తీగతో కోసి తీశాడు. అంచంతా గీకి శుభ్రం చేశాడు. నల్లగమ్మును ఎక్కడా తెగకుండా ఒకే వరసగా పోసి, కొత్త అద్దాన్ని పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు దించాడు. తరవాత, అద్దం వెనక కింది గూట్లో ఉండే కన్ను, అంటే కెమెరా, మళ్ళీ బిగించి చూపు సరిచేశాడు. అదొక పూజ. నేల చదునుగా ఉందో లేదో గోలీ పెట్టి చూశాడు, గోలీ కదల్లేదు. టైర్లలో గాలి కొలిచాడు. డిక్కీలో బరువు ఉండకూడదని తాళ్ళు, మందు సీసాలు, అర కేజీ బెల్లం దింపించాడు. ఎదురుగా నలుపు తెలుపు గళ్ళ పలక నిలబెట్టాడు.

"కనపడ్తాండాది సామీ," అంది కర్రి.

"అక్కా, గమ్ము ఆరేదాకా తలుపు దబీమని వేయొద్దు," అన్నాడు దాదాపీర్ మామ. "చూపు కుదురుకునేకి మాత్రం ఇరవై ఒక్క దినాలు పడ్తాది."

"బాలింతకు చెప్పినట్ల చెప్తాండావు కదప్పా!"

"బాలింతే అనుకోక్కా."

మా అత్త సంతోషంగా లోపలికి పోయి బాలింతకు కావలసిన సరంజామా అంతా పట్టుకొచ్చింది: పూలదండ, నిమ్మకాయ, మిరపకాయల తోరణం, నల్లతాడు, కుంకుమ భరణి. నేను నాలుగేళ్ళ చదువుతో అడ్డం నిలబడ్డాను.

"అత్తా, ఆగు. నాలుగో నిబంధన. ఇరవై ఒక్క రోజులు కంటి ముందు అద్దం మీద ఏదీ కట్టరాదు, అంటించరాదు, పూయరాదు."

"బొట్టు గూడానా?"

"అన్నీ అత్తా."

"పదకొండేండ్లు లేని అడ్డం ఈ పొద్దు వచ్చిందా?"

"అప్పుడు నేను లేను కదా."

"అదీ నిజమేలే," అని అత్త భరణి మూత పెట్టేసింది. మా అత్త ఒకరి మాట వినడం చరిత్రలో ఇదే మొదటిసారి. కేంద్రం వారు నమోదు చేసుకోగలరు.

కారు తప్పులు: సున్నా.

రోజు 2

యజమానికి వాహనం అవసరమేమిటో రాయమన్నారు. రాస్తున్నాను.

మా ఊరి చుట్టూ నలభై మైళ్ళ దాకా ఎండతో కరెంటు తీసే సూర్యపలకలే. పలకల కింద గడ్డి మొలుస్తుంది. గడ్డి పెరిగితే పలకల మీద నీడ పడుతుంది కాబట్టి మేయడానికి మేకలు కావాలి. మేకలకు జబ్బులొస్తాయి కాబట్టి మా అత్త కావాలి. మా అత్తకు కర్రి కావాలి.

ఎందుకంటే ఆరేళ్ళ కిందట ఆమె కళ్ళకు మబ్బు కమ్మింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. వైద్యానికి ఆమెకు కళ్ళతో పనిలేదు. మేక కడుపు మీద చెయ్యి వేస్తే అది నిన్న ఏం తిన్నదో, ఎవరి చేలో తిన్నదో కూడా చెప్తుంది. కానీ మేక దగ్గరికి పోవాలి కదా. కంపెనీ బండ్లు తారురోడ్డు దిగవు. పలకలు పొద్దుతో పాటు తిరుగుతాయి. పొద్దున ఉన్న సందు సాయంత్రానికి ఉండదు. అందుకే మ్యాపు మా ప్రాంతమంతటికీ బూడిదరంగు పూసి చేతులు కడుక్కుంది. మనుషులు బండి తోలడం నేరమై నా వయసంత కాలమైంది. స్టీరింగు ఉండవలసిన చోట కర్రికి ఒక చెక్క ఉంది. దాని మీద మందుల పెట్టె ఉంటుంది.

ఏడు పల్లెల దారులు కర్రి పదకొండేళ్ళుగా తన కంటితో తానే నేర్చుకుంది. ఇరవై ఒకటో రోజు చూపు పరీక్షలో తప్పితే ఆ జ్ఞాపకాన్ని కడిగేస్తారు. ఫ్యాక్టరీ నుంచి దిగినప్పటి కారవుతుంది. తారురోడ్డు దిగదు. మేకను చూసి "దయచేసి మార్గము నుండి తొలగుము" అంటుంది. మా అత్త ఇంట్లో కూర్చుంటుంది. ఆమె ఇంట్లో కూర్చోవడం నేను ఒకసారి చూశాను, జ్వరమొచ్చినప్పుడు, రెండు రోజులు. ఇంటికీ మంచిది కాదు, ఆమెకూ మంచిది కాదు.

అదీ అవసరం.

రోజు 3

తారురోడ్డు మీద హాయిగా నడిచింది. చింతలగొంది మట్టిబాట దిగి ఒక మైలు పోయాక, కళ్ళంలో ఎండబోసిన మిరపకాయల ముందు ఆగిపోయింది. అడ్డమేమీ లేదు. మిరపకాయల వంక అలా చూస్తూ నిలబడింది. కొంచెం వెనక్కి జరిగింది, కొంచెం పక్కకు జరిగింది, మళ్ళీ చూసింది. తరవాత, ఏదో తృప్తి పడినట్టు కదిలి పోయింది.

కారు తప్పులు: ఒకటి. కారణం: ఘాటు అయ్యుండవచ్చు.

రోజు 5

ఎర్ర బకెట్టు ముందు ఆరు నిమిషాలు. టమాటా గంపల ముందు పదకొండు. దేవరదిన్నెలో రామక్క అనే పెద్దావిడ కొత్త ఎర్ర చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఆమె ఎదుట కర్రి ముందుకూ వెనక్కీ నాలుగుసార్లు ఊగింది.

"ఏమి ఓబుళక్కా, నీ కర్రికి నా చీర నచ్చిందా?"

"దానికేం తెలుసు పాపం. రంగు బాగుందా?"

"నా మనవడు తెచ్చినాడు. నీ కారు చూసినంత సేపు గూడా మా ఆయన చూడలేదు."

కారు తప్పులు: మూడు. రామక్క దీన్ని తప్పుగా పరిగణించవద్దని కోరారు.

రోజు 6

నా విశ్లేషణ: కొత్త అద్దం రంగులను కొద్దిగా మార్చి చూపిస్తోంది. ఎర్రగా ఉన్నదంతా కర్రికి ఆగమనే దీపంలా కనిపిస్తోంది. ఇంత తేలికైన సంగతి కోసం నాలుగేళ్ళు చదివానా అనిపించింది.

దాదాపీర్ మామ వచ్చి గోలీ, గాలి, గళ్ళ పలక, అన్నీ మళ్ళీ చేశాడు. పలక ముందు కర్రి మెడల్ తెచ్చుకునే విద్యార్థిలా నిలబడి అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది.

"పాపా, అద్దంలో తప్పు లేదు, కంట్లో తప్పు లేదు," అన్నాడు మామ. "ఇంగ ఉండేది మనసే. దానికి నా దగ్గర పలక లేదు."

రోజు 9

నా ప్రణాళిక ప్రకారం ఏడు పల్లెలకూ కబురు పంపాను: కర్రి వచ్చే వేళకు ఎర్రటివన్నీ దాచండి. మా అత్త మాటంటే ఈ పల్లెల్లో శాసనం. దేవరదిన్నెలో మిరపకాయల మీద పచ్చ దుప్పటి కప్పారు. రామక్క చీర మార్చుకుని మొహం మాడ్చుకుని కూర్చుంది. ఒకాయన కోడిపుంజును గంప కింద మూశాడు. "దాని నెత్తి ఎర్రగుంటాది కదమ్మా," అన్నాడు. ఆ గంపలోంచి వచ్చిన బూతులు ఈ పుస్తకంలో రాయడం లేదు.

ఫలితం ఘోరం. ఎర్రదేదీ కనిపించకపోయేసరికి కర్రి ఇంకా బెంగ పడింది. గతుకుల్లో నాలుగు కుదుపులు తగలగానే ఎడమకు లాగడం, ఆగడం, వెతుక్కోవడం, మళ్ళీ లాగడం. "నిదానం సామీ, నిదానం," అని తనకు తానే చెప్పుకుంటోంది. నలభై నిమిషాల దారికి మూడు గంటలు పట్టింది.

కారు తప్పులు: లెక్క మానేశాను. బాధ్యురాలి తప్పులు: ఒకటి, రెండు ఉండవచ్చు.

రోజు 10

చిన్న విషయం. మా అత్త రోజూ పొద్దున కర్రి ముందుకు పోయి నిలబడుతుంది. కుడిచెయ్యి అద్దం దాకా లేపుతుంది. నేనక్కడ ఉన్నానని గుర్తొచ్చి దించేస్తుంది. అలవాటు.

రోజు 12

ఈ రోజు జోకులు లేవు.

చింతలగొందిలో ఎర్రిస్వామి మేక ఈనలేక బాధపడుతోందని పొద్దున్నే కబురొచ్చింది. వెంటనే బయలుదేరాం. గతుకుల బాటలో కర్రి తొమ్మిదిసార్లు ఆగింది. చివరి అర మైలు మా అత్త దిగి, నా భుజం పట్టుకుని నడిచింది. మేం పోయేసరికి రెండు గంటలు ఆలస్యం.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి తీసింది. అది బతికింది. దాని వెనక రెండోది వచ్చింది. అది కదల్లేదు. మా అత్త దాని ముక్కులో గడ్డిపోచ పెట్టింది, కాళ్ళు పట్టుకుని ఊపింది, పక్కటెముకలు రుద్దింది. చాలాసేపు రుద్దింది.

"పోనీలే అవ్వా, తల్లి బతికింది కదా," అన్నాడు ఎర్రిస్వామి.

వచ్చేటప్పుడు ఆమె ఒకే మాట అంది. "దీన్ని గూడా పుస్తకంలో రాయి. దాపెట్టాకు."

రాశాను.

రోజు 14

ఇప్పుడు రాసేది చదివాక నా పట్టా వెనక్కి తీసుకోదలిస్తే కేంద్రం వారు నేరుగా మా కాలేజీకి రాయగలరు.

కర్రి కన్ను చూసిన దాన్ని నేర్చుకుంటుంది గానీ బొమ్మలు దాచుకోదు; చట్టం అంతే. కానీ చూస్తున్నప్పుడు దాని చూపును తెర మీదికి తెచ్చుకోవచ్చు. ఇవాళ తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దేవరదిన్నెలో ఒక ఇంటి ముందు ఆగింది. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. కర్రి కొంచెం వెనక్కి పోయింది. పక్కకు జరిగింది. తెర మీద ఒక బొట్టు మెల్లగా కదిలి, కదిలి, కింది ఎడమ మూలకు వచ్చింది. కర్రి కుదుటపడింది.

ఆ వెంటనే మా అత్త కారు దిగి, తడుముకుంటూ ముందుకు పోయి, కర్రి ఎదుట నిలబడి, "ఏమే చిత్రా, మళ్ళ ఏమైంది?" అంది. ఆమె నుదుట పావలా కాసంత కుంకుమబొట్టు. కర్రి గడపను వదిలేసింది. పిల్లి కాలికి రాసుకున్నట్టు మెల్లగా ఆమె వైపు జరిగింది. తెర మీద మా అత్త నుదుటి బొట్టు వచ్చి సరిగ్గా అదే మూలలో, అదే చోట ఆగింది.

"కనపడ్తాండాది సామీ," అంది కర్రి. మిరపకాయల ముందు ఆగిన రోజు నుంచి దాని గొంతులో అంత నెమ్మది నేను వినలేదు.

మనకు మన ముక్కు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. చూడం, అంతే. కానీ ఒక పొద్దున లేచేసరికి అది లేకపోతే లోకమంతా పక్కకు ఒరిగినట్టుంటుంది. పదకొండేళ్ళుగా ప్రతి పొద్దునా మా అత్త ఆ అద్దం మీద, కంటికి ఎదురుగా, బొట్టు పెట్టింది. కర్రి దాన్ని తన ముక్కు చేసుకుంది. గతుకుల్లో కన్ను అదిరినప్పుడల్లా ఆ బొట్టును చూసి తనను తాను సరిచేసుకునేది. నేను వచ్చి, నాలుగో నిబంధన చదివి, ముక్కు కోసేశాను. ఆ పైన ఊళ్ళలో ఉన్న ముక్కులన్నీ దాయించాను.

అత్తకు చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను.

"మొదటి దినమే అడిగితిని కదే, బొట్టు గూడానా అని."

"మరి గట్టిగా చెప్పొచ్చు కదత్తా!"

"చదువుకున్న పిల్లవి, తెలిసి చెప్తాండావనుకుంటిని."

తిట్టి ఉంటే బాగుండేది.

రోజు 15

ఈ రోజు నాలుగో నిబంధనను ఉల్లంఘించాను. తెలిసీ, పగటిపూట, సాక్షుల ఎదుట.

బొట్టు పాత చోటే పడాలి. పాత అద్దం చూద్దామని దాదాపీర్ మామను అడిగితే, "అది కరిగి సీసా అయ్యింటాది పాపా," అన్నాడు. అత్తను అడిగాను.

"వైపర్ మొదట్లో బొటనవేలు పెట్టు. ఆడి నుంచి పైకి జానా, నాలుగేళ్ళు. ఉంగరం వేలితో పెట్టు."

"ఎన్ని సెంటీమీటర్లు?"

"మేక ఎత్తు గూడా నేనట్లే చూస్తా. ఈపొద్దుటికీ ఒక మేకా సెంటీమీటర్లు అడగలేదు."

నేనే పెట్టాను (కేంద్రం వారికి: మా అత్త భాషలో ఏళ్ళంటే వేళ్ళు). జానా, నాలుగేళ్ళు. నా శాస్త్రీయ జీవితంలో ఇంత జాగ్రత్తగా కొలిచింది లేదు. కర్రి మిరపకాయల ముందు ఆగలేదు. సంబరపడ్డాం. కానీ బాటంతా ఎడమకు లాగుతూనే పోయి, ఒక పలక కాలికి పక్క అద్దం రాసుకుంది. ముక్కు అతికింది గానీ వంకరగా అతికింది.

రోజు 16

"యాడ పెడితివి, చూపీ," అంది అత్త. నా చెయ్యి పట్టుకుని అద్దం మీదికి తీసుకుపోయింది. నా జాన మీద తన జాన పరిచింది. మేకల్ని పట్టి పట్టి సాగిన చెయ్యి అది. నాది దానిలో ఒక మూల పడింది.

"నీది కోడిపిల్ల కాలు కదే! జానా నాలుగేళ్ళంటే నా జానా, నా ఏళ్ళు."

నేను పెట్టిన బొట్టు కొంగుతో తుడిచింది. వైపర్ మొదట బొటనవేలు, జాన, దాని మీద నాలుగు వేళ్ళు అడ్డంగా, ఆ పైన తడి కుంకుమతో ఉంగరం వేలు. చూడలేదు. చూడడానికి ఏమీ లేదు. మంచినీళ్ళ చెంబు అందుకున్నంత తేలిగ్గా పెట్టేసింది.

ఏడు పల్లెలు. ఒక్క ఆగుడు లేదు. దేవరదిన్నెలో రామక్క మళ్ళీ ఎర్ర చీర కట్టుకుని కూర్చుంది. కర్రి ఆమెను పట్టించుకోకుండా పోయింది. తన ఫిర్యాదును ఈ పుస్తకానికి జత చేయమని కోరారు.

కారు తప్పులు: సున్నా.

రోజు 20

నాలుగు రోజులుగా సున్నా. కానీ రేపు పరీక్ష. పరీక్ష అధికారి తిప్పేస్వామి గారి గురించి దాదాపీర్ మామ చెప్పాడు: "మంచోడే పాపా. కానీ రూలుకు పుట్టినోడు. అద్దం మీద ఈగ వాలితే ఈగ లేచిపోయేదాకా పరీక్ష పెట్టడు."

అత్త ఈ రోజు కర్రి సీట్లన్నీ దులిపింది. చెక్క మీది మందుల పెట్టె తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. చాలాసేపు లోపలే కూర్చుంది. "ఏం చేస్తున్నావత్తా?" అంటే, "ఊకే," అంది.

రోజు 21

తిప్పేస్వామి గారు సన్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. ఈ పుస్తకం మొత్తం మా ఎదుటే చదివారు. ఒక్కసారీ నవ్వలేదు. కోడిపుంజు దగ్గర మాత్రం పేజీ ఒకసారి వెనక్కి తిప్పారు.

"పదహైదో దినం నాలుగో నిబంధన ఉల్లంఘించినట్లు మీరే రాసినారు."

"అబద్ధం రాస్తే నేరమని ఉంది సార్."

"ఉంది. ఆ వాక్యం రాసింది నేనే. అద్దం తుడవండి."

నేను నోరు తెరిచాను. అత్త నా చెయ్యి నొక్కి, తనే పోయి కొంగుతో తుడిచింది.

కర్రి ఒంటరిగా పరీక్ష బాట ఎక్కింది. తారు మీద బాగానే పోయింది. మలుపులు బాగానే తిరిగింది. చివర గతుకుల బాట. మూడో కుదుపుకు ఎడమకు లాగింది. ఆగింది. వెతికింది. అక్కడ ఎర్రటిదేదీ లేదు; కేంద్రమంతా బూడిదరంగే. "నిదానం సామీ," అనడం మైదానం ఇవతలికి వినిపించింది. తరవాత బాట వదిలేసి, మైదానానికి అడ్డం పడి, మెల్లగా మా వైపు వచ్చింది. మా అత్త ఎదుట ఆగింది. కొంచెం వెనక్కి జరిగింది. కొంచెం పక్కకు.

"కనపడ్తాండాది సామీ."

అత్త దాని బానెట్ మీద చెయ్యి వేసింది. నేను ఆకాశం వంక చూశాను. గాలి లేదు, అయినా కళ్ళలో దుమ్ము పడింది.

తిప్పేస్వామి గారు తన చేతిలోని తెర చూశారు. మా అత్త నుదురు చూశారు. మళ్ళీ తెర చూశారు. అప్పుడు జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి పేజీలు తిప్పారు.

"తొమ్మిదో నిబంధన. కన్ను తన నిలకడ కోసం చూసుకునే గుర్తు ఏదైనా ఉంటే దానిని తొలగించరాదు. అది ఏ పరికరంతో పెట్టబడినదీ రాయవలెను. ఫ్యాక్టరీలో వేసే గుర్తుల కోసం పెట్టినాము. ఫ్యాక్టరీలో వేసిందే అయ్యుండాలని మాత్రం రాయలేదు." నా వైపు తిరిగారు. "మీరు తొమ్మిది దాకా చదవలేదా?"

జోకుల గురించి వెతికినప్పుడు తొమ్మిది మీదుగానే పోయాను. రెండుసార్లు.

"కానీ అమ్మా, ఒక షరతు. పరికరం అంటే మూడుసార్లు పెట్టినా మూడుసార్లూ ఒకే చోట పెట్టాల. మీ పరికరం యాడుంది?"

మా అత్త కుడిచెయ్యి చాపింది.

ఆయన స్కేలు తెచ్చారు. అత్త పెట్టింది, ఆయన కొలిచారు, తుడిచారు. రెండోసారి. మూడోసారి. మూడోసారి కొలిచాక స్కేలును తిప్పి చూసుకున్నారు, అదేమైనా పాడైందేమోనని.

"వెంట్రుకవాసి తేడా లేదమ్మా," అన్నారు మెల్లగా. "ఫ్యాక్టరీ మిషన్లకు నేను ఇంతకంటే ఎక్కువ తేడా ఒప్పుకుంటా."

"మిషన్లు మేకల్ని పట్టవు కదా నాయనా."

ఆయన ఫారం తీసి రాశారు. పరికరం: ఓబుళమ్మ గారి కుడిచెయ్యి. కొలత: జానా నాలుగు వేళ్ళు. తనిఖీ: ఏడాదికొకసారి పరికరాన్ని కేంద్రానికి తీసుకురావలెను. తరవాత కలం ఒక గడి దగ్గర ఆగింది.

"ఇంకొకటి ఉందమ్మా. రాయకపోతే ఫారం చెల్లదు. ఈ పరికరం... లేని రోజున వాడే పరికరం."

నాకు తెలిసిన జోకులన్నీ వెతికాను, ఒక్కటీ సరిపోలేదు.

అత్త నా చెయ్యి వెతికి పట్టుకుంది. అద్దం దగ్గరికి లాక్కుపోయి, నా బొటనవేలు వైపర్ మొదట ఆనించింది. నా జాన పరిచింది. దాని మీద నా వేళ్ళు అడ్డంగా పెట్టి, తన వేలితో ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టింది. నాలుగు. మళ్ళీ ఇంకో రెండు. తను పెట్టిన బొట్టు తడి నా వేలికి తగిలింది.

"దీనిది జానా, ఆరేళ్ళు," అంది. "రాసుకో సార్."

ఆయన రాశారు. ఈసారి బొట్టుతో కర్రి గతుకుల బాట దాటి, మలుపు తిరిగి, గీత మీద టైరు పెట్టకుండా వచ్చి ఆగింది.

ఆ విధంగా నాలుగేళ్ళ చదువు తరవాత ప్రభుత్వ రికార్డుల్లో నాకు ఒక హోదా దొరికింది: ప్రత్యామ్నాయ పరికరం. మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. జీతం గురించి అడగకుండా ఆయన, "మీ అత్త నీ చెయ్యి పట్టుకునిందా?" అని అడిగాడు.

రోజు 22

పుస్తకం నిన్నటితో అయిపోయింది. ఈ పేజీ ఎవరూ అడగలేదు.

పొద్దున అత్త భరణి నా చేతికిచ్చింది. "నేనుండంగనే నేర్చుకో. తప్పైతే తుడ్సేకి నా కొంగుంది."

వైపర్ మొదట, జాన, ఆరు వేళ్ళు. తుడిచింది. మళ్ళీ. తుడిచింది. మళ్ళీ. నాలుగోసారి ఆమె కొంగు లేవలేదు.

చింతలగొంది పోయాం. ఎర్రిస్వామి దొడ్డిలో బతికిన పిల్ల ఎగిరి దూకుతోంది. దారిలో ఆ పగ పట్టిన పోతు మళ్ళీ ఎదురొచ్చి అడ్డం నిలబడింది. కర్రి ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"జరగండ్రి తల్లీ," అంది కర్రి.

పోతు అద్దం వంక చూసింది. బొట్టు వంక చూసింది. ఏమనుకుందో, జరిగింది.

కారు తప్పులు: సున్నా. ప్రత్యామ్నాయ పరికరం తప్పులు: మూడు.